ముసలి కారులో మూడువేల మైళ్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇన్నేళ్లు అమెరికాలో ఇంజనీరుగా పనిచేశారు కదా, పిల్లలకు స్ఫూర్తినిచ్చేలా ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. స్ఫూర్తి సంగతి అలా ఉంచండి, ఈ ఏడాదంతా నా బుర్రలో తిరుగుతున్నది ఒకటే విషయం, అదైతే చెబుతానన్నాను. యాభై ఏళ్లు దాటిన ఒక స్పోర్ట్స్ కారులో అమెరికాను తూర్పు సముద్రం నుంచి పడమటి కొస దాకా దాటాలి. ప్రయాణం వచ్చే సెప్టెంబరులో. కాబట్టి మీరు వినబోయేది జరిగిన కథ కాదు, వేసుకున్న లెక్క.

లెక్క అన్నాను కాబట్టి మాస్టారి అనుమతి తీసుకోవాలి. ఆయన మాకు కాలము-దూరము లెక్కలు చెప్పేవారు. ఆ లెక్కల్లో రైలుకు దాహం వేసేది కాదు. కొండ ఎదురయ్యేది కాదు. ప్రయాణికుడికి మందు వేసుకునే వేళ వచ్చేది కాదు. అవన్నీ కలిపితే ఆ లెక్కే ఎలా మారిపోతుందో ఇవాళ చెబుతాను.

ముందు కారు సంగతి. అది 1971 నాటి ఎంజీబీ. టాపు తీస్తే ఆకాశమే పైకప్పు. రెండే సీట్లు. ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ అనే చిన్న ఊళ్లో 1962 నుంచి 1980 దాకా ఈ కార్లు తయారయ్యాయి. మొత్తం ఐదు లక్షలకు పైగా చేశారు. వాటిలో చాలా భాగం అమెరికాకే వెళ్లాయి. స్పోర్ట్స్ కారు అనగానే మీరేదో ఊహించుకోవద్దు. 1798 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు. కొత్తగా ఉన్న రోజుల్లోనే దాని బలం వంద హార్స్‌పవర్‌కు లోపు. ఇవాళ మన ఊరి మెయిన్ రోడ్డు మీద తిరిగే మామూలు కార్లు కొన్ని దానికన్నా జోరుగా పోతాయి. కానీ నేల మీద కూర్చున్నట్టు కిందికి కూర్చుంటాం, గాలి ముఖానికి తగులుతుంది, నలభై మైళ్ల వేగమే ఎనభైలా అనిపిస్తుంది. అదీ దాని మజా.

ఇప్పుడు మీలో చాలామందికి తెలియని చుట్టరికం ఒకటి చెబుతాను. ఎంజీబీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి-సిరీస్' కుటుంబానికి చెందినది. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ ఆ కుటుంబానిదే. ఎంజీబీకి అన్నగారైన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో మొదట పెట్టిందీ 1489 సీసీ బి-సిరీస్ ఇంజనే. మన పెళ్లిళ్లకు పెళ్లికొడుకును ఊరేగించిన కారూ, ఇంగ్లండులో కుర్రకారు షికార్లు చేసిన కారూ, బోనెట్టు ఎత్తి చూస్తే దాయాదులన్నమాట.

ఈ చుట్టరికాన్ని నాకు చెప్పింది ఇంజనీరింగు పుస్తకం కాదు. నా బెంచీ మిత్రుడు. పదో తరగతి అయ్యాక నేను కాలేజీకి వెళ్లాను, వాడు బస్టాండు వెనక షెడ్డులో స్పానరు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా అంబాసిడర్ టాక్సీలు వాడి చేతి కిందనుంచి వెళ్లాయి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. షెడ్డు మాత్రం ఆగలేదు. నేను ఈ ఎంజీబీ కొన్న కొత్తలో దాని ఇంజను ఫొటో పంపితే, "ఒరేయ్, ఇది మన అంబాసిడర్ అన్నరా" అన్నాడు. ఆనాటినుంచి ఆ కారుకు డాక్టరు వాడే. కార్బొరేటర్లు సరిచేసేటప్పుడు ఫోను ఇంజను దగ్గర పెడతాను. ఎనిమిదివేల మైళ్ల అవతల చెవి ఒగ్గి విని, "వెనకది ఎక్కువ తాగుతోంది, నట్టు ఒక్క పలక తిప్పు" అంటాడు. తిప్పితే ఇంజను కుదుటపడుతుంది.

వాడు ఈ సభలోనే ఉన్నాడు. ఎక్కడ కూర్చున్నాడో చెప్పను. "నా పేరు వద్దు, బండి పేరు చెప్పు చాలు" అన్నాడు. ఇప్పుడు చెప్పబోయే సంగతి మాత్రం వాడి అనుమతితోనే, నిజానికి వాడి కోరిక మీదే చెబుతున్నాను.

మూడేళ్ల క్రితం వాడికి కళ్లలో నీటికాసులు ఉన్నట్టు తేలింది. గ్లాకోమా అంటారు. కంటిలోపలి ఒత్తిడి వల్ల చూపు నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. చాలామందిలో నొప్పి ఉండదు, ఎర్రబడదు. ముందుగా పోయేది పక్కచూపు. ఎదురుగా ఉన్నది స్పష్టంగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. వాడి విషయంలోనూ అంతే. పక్కన పెట్టిన స్పానరు కనిపించకపోతే కుర్రాళ్లు తీశారనుకునేవాడు. తేలేసరికి ఎడమకంటి పక్కచూపు చాలావరకు పోయింది, కుడికన్ను కొంత తగ్గింది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికే చుక్కల మందు.

ఆ కబురు చెప్పిన రోజు వాడు నన్నేమీ అడగలేదు. రెండు వారాల తర్వాత మాత్రం, "మన బండిలో నన్నొకసారి కొండలెక్కించరా, కనపడుతుండగానే" అన్నాడు. అదీ ఈ ప్రయాణానికి మూలం. వీసా చేతికొచ్చింది. కంటి డాక్టరుగారిని అడిగాం, చుక్కలు తప్పకుండా వేసుకుంటే అభ్యంతరం లేదన్నారు. ఇక మిగిలింది దారి, కాలం, బండి.

దారి చూద్దాం. అమెరికాను అడ్డంగా దాటడానికి ఇంటర్‌స్టేట్ రహదారులున్నాయి. డెబ్బై మైళ్ల వేగంతో లారీల మధ్య పోతే అయిదారు రోజుల్లో పని అయిపోతుంది. మా కారుకు ఆ వేగం పడదు, మాకు ఆ దారి పడదు. అందుకని యూఎస్ 50 అనే పాత రహదారిని ఎంచుకున్నాం. 1926లో అమెరికా రహదారులకు అంకెలు ఇచ్చినప్పుడు దీనికి 50 వచ్చింది. మేరీలాండ్‌లో అట్లాంటిక్ ఒడ్డున ఓషన్ సిటీలో ఒక కొస, కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన మరో కొస. శాక్రమెంటోలో ఈ దారి మొదట్లో ఒక బోర్డు ఉంది: ఓషన్ సిటీ 3,073 మైళ్లు. కిలోమీటర్లలో దాదాపు 4,950. చాలా చోట్ల ఇది ఊళ్ల మధ్యనుంచే వెళుతుంది. బండి ఆగితే మనుషులు కనిపించే దారి. ఎడారి భాగంలో కనిపించరు, దాని సంగతి తర్వాత చెబుతాను.

తూర్పు నుంచి పడమరకే ఎందుకంటే, నేనుండేది మేరీలాండ్ కాబట్టి అన్నది సులువైన జవాబు. అంతకన్నా పెద్ద కారణం వాడి సీటు. అమెరికాలో డ్రైవరు ఎడమపక్క, తోడు కూర్చునేవాడు కుడిపక్క. వాడికి బాగా పనిచేసే కన్ను కుడిదే. పడమరకు వెళుతుంటే ప్రయాణం చివర్లో వచ్చే టాహో సరస్సు తూర్పు గట్టు మీద, నీళ్లన్నీ కుడిచేతి వైపే ఉంటాయి. ఎదురు దిక్కున వస్తే ఆ సరస్సు నా వైపు పడుతుంది. నేను రోడ్డు చూడాలి, వాడు నా భుజం మీదుగా చూడాలి. ఇంత చిన్న సంగతి మొత్తం ప్రయాణం దిక్కును తేల్చింది.

ఇక కాలం. మాస్టారూ, ఇక్కడ మీ లెక్క. 3,073 మైళ్లు. గంటకు 45 మైళ్ల సగటు వేసుకుంటే 68 గంటలు పైచిలుకు. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే తొమ్మిది రోజులు చాలు. కాగితం మీద ఒప్పే లెక్కే. కానీ పడమరకు పోతున్నాం. ఉదయం సూర్యుడు వీపు మీద ఉంటాడు, దారంతా వెలుగులో కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక ముఖం మీదికి వస్తాడు. నీటికాసులున్నవాడికి ఆ మిరుమిట్లు పెద్ద బాధ. చీకటి పడితే మరీ కష్టం. నా కారు హెడ్‌లైట్లూ ఆ కాలపువే, రోడ్డు మీద జింక నిలబడితే ఆలస్యంగా కనిపిస్తుంది. నాకూ అరవై దాటాయి. ముగ్గురికీ కలిపి ఒకటే నియమం పెట్టుకున్నాం: ఉదయం ఆరున్నరకు బయలుదేరడం, మధ్యాహ్నం రెండుకల్లా బస చేరడం. మధ్యలో టీలు, పెట్రోలు, కాళ్లు చాచుకోవడం పోగా, చక్రం తిరిగేది నాలుగు గంటలు. అంటే రోజుకు 170 మైళ్లు. పద్దెనిమిది రోజులు. నడవని రోజులు ఆరు. మొత్తం ఇరవై నాలుగు. తొమ్మిది ఇరవై నాలుగైంది, అంకెలేవీ తప్పు కాకుండానే.

సెప్టెంబరు ఎందుకంటే, జులై ఆగస్టుల్లో కాన్సాస్ మైదానాలు మన రోహిణీకార్తెలా కాగుతాయి. రాకీ పర్వతాల్లో ఆ నెలల్లో మధ్యాహ్నమైతే ఉరుముల వాన. అక్టోబరు వచ్చిందా, ఎత్తయిన కనుమల్లో మంచు కురవచ్చు. మధ్యలో మిగిలిన కిటికీ సెప్టెంబరే. పైగా ఆ నెలాఖరుకు కొలరాడో కొండల మీద ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు ముద్దల్లా మారతాయి. సన్నని చూపుకు కూడా దొరికే రంగు అది. అందుకే నెల మొదట్లో బయలుదేరి, మూడో వారంలో కొండలు చేరేలా వేసుకున్నాం.

ముక్కలు ముక్కలుగా దారి చెబుతాను. మొదటి రోజు శనివారం. ఓషన్ సిటీలో సముద్రపు నీళ్లు ఒక చిన్న సీసాలో పట్టుకుని బయలుదేరడం వాడి ముచ్చట. చెసపీక్ అఖాతం మీది వంతెన దాటాలి, 4.3 మైళ్లు, అంటే దాదాపు ఏడు కిలోమీటర్లు. మన రాజమండ్రి రోడ్డు రైలు వంతెన కన్నా పొడుగు. ఆ రాత్రి అనాపొలిస్‌లో బస. రెండో రోజు ఆదివారం కావాలని పట్టుబట్టాను. ఎందుకంటే యూఎస్ 50 వాషింగ్టన్ నగరం నడిబొడ్డునుంచి, కాన్‌స్టిట్యూషన్ ఎవెన్యూ మీదుగా వెళుతుంది. మామూలు రోజున ఆ ట్రాఫిక్‌లో నిలబడితే ముసలి ఇంజను వేడెక్కుతుంది. ఆదివారం పొద్దున్నే ఏడింటికి ఆ వీధి ఖాళీ. తర్వాత వర్జీనియా, వెస్ట్ వర్జీనియా కొండ మలుపులు. ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్ మొక్కజొన్న చేలు. సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ నది. అక్కడ ఒక రోజు ఆగి, బండి కిందికి దూరి ప్రతి నట్టూ తడిమి చూడటం.

కాన్సాస్‌లో ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి కొండలున్నాయి. ఒకప్పుడు అమెరికా నడుమ భాగమంతా పరుచుకున్న ఎత్తు గడ్డి ఇప్పుడు చాలా కొద్దిచోట్ల మిగిలింది, అందులో ఇదొకటి. రాళ్లు ఎక్కువ కాబట్టి నాగలి దిగలేదు, గడ్డి బతికింది. ఇంకా పడమరకు వెళితే డాడ్జ్ సిటీ దాటాక రోడ్డు పక్కనే, పందొమ్మిదో శతాబ్దంలో శాంటా ఫే దారిన పోయిన వర్తకుల బండ్లు వేసిన గాడులు నేటికీ కనిపిస్తాయి. "చక్రం పోయినా గాడి మిగిలిందా, అయితే చూడాల్సిందే" అన్నాడు వాడు. అరగంట రాసుకున్నాం.

కొలరాడోలో ప్యూబ్లో దాటాక అసలు పరీక్ష. కాన్యన్ సిటీ నుంచి సలైడా దాకా ఆర్కన్సా నది వెంట లోయలో దారి. సలైడా 7,000 అడుగుల ఎత్తు. అక్కడ రెండు రాత్రులు ఉంటాం, ఊపిరితిత్తులు అలవాటు పడటానికి. మూడో రోజు ఉదయం మోనార్క్ కనుమ, 11,312 అడుగులు. మన అరకు లోయ ఎత్తుకు మూడింతలకు పైమాటే. అంత ఎత్తున గాలి పల్చన. ప్రతి వెయ్యి అడుగులకూ ఇంజను బలం సుమారు మూడు శాతం తగ్గుతుంది. కనుమ మీదికి వచ్చేసరికి మూడో వంతు పోతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ గాలిని కొలిచి పెట్రోలు తగ్గిస్తుంది. మా కార్బొరేటర్లకు ఆ తెలివి లేదు, కింద తాగినంతా పైన కూడా తాగి నల్లపొగ వదులుతాయి. సలైడాలో వాడు కూర్చుని మిశ్రమం పల్చన చేస్తాడు, కిందికి దిగాక మళ్లీ యథాస్థానానికి తెస్తాడు. ఆ ఎత్తున మామూలు నీరు 90 డిగ్రీలకు ముందే మరుగుతుంది. అందుకే ఒత్తిడిని పట్టి ఉంచే రేడియేటర్ మూత, వెల చూస్తే ఎంతో లేదు గానీ, ఆ రోజు ఇంజనంత విలువైనది. దిగేటప్పుడు పాత డ్రైవర్ల సూత్రమే: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగడం. బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే బ్రేకులు కాలి పట్టు వదులుతాయి. కనుమ మీద ఖండాన్ని రెండుగా పంచే గట్టు ఉంది. ఇటు పడిన వాన చుక్క అట్లాంటిక్ వైపు, అటు పడింది పసిఫిక్ వైపు. వాడు సీసాలో తెచ్చిన సముద్రపు నీళ్లు అక్కడ పోస్తాడట. పోయనీయండి.

ఆ తర్వాత ఎడారి. ఇక్కడ దూరం కన్నా పెట్రోలు ముఖ్యం. యూటాలో గ్రీన్ రివర్ నుంచి సలైనా దాకా నూరు మైళ్లకు పైగా బంకు లేదు. డెల్టా నుంచి నెవాడా సరిహద్దు దాకా మరో తొంభై మైళ్లు అదే సంగతి. నెవాడాలో యూఎస్ 50కి 'అమెరికాలోకెల్లా ఒంటరి దారి' అని పేరు. 1986లో లైఫ్ పత్రిక పెట్టిన పేరది. వెళ్లొద్దని చెప్పడానికి పెట్టారు, నెవాడా వాళ్లు దాన్నే బోర్డుగా రాసుకున్నారు. ఈలీ నుంచి యురేకా 77 మైళ్లు, అక్కడినుంచి ఆస్టిన్ 70, అక్కడినుంచి ఫాలన్ 110. మధ్యలో కొండలు, బయళ్లు, మళ్లీ కొండలు. మా కారు గ్యాలనుకు 25 మైళ్లు ఇస్తుంది, లీటరుకు పదిన్నర కిలోమీటర్లు. ట్యాంకులో నేను లెక్కకు తీసుకునేది నలభై లీటర్లే. నిండా పోస్తే నాలుగు వందల కిలోమీటర్లు పోతుంది. అయినా నియమం ఒకటే: ముల్లు సగానికి వచ్చిందంటే తర్వాత కనిపించిన బంకులో ఆగాలి. మొత్తం దారికి 123 గ్యాలన్లు, సుమారు 465 లీటర్లు. ఎత్తు ప్రాంతాల్లో సాధారణ పెట్రోలు పేరుతో 85 ఆక్టేన్‌ది అమ్ముతారు. అది మా ఇంజనుకు పడదు, ఖరీదైనదే పోయించాలి.

నెవాడాలో ఒక చిన్న పుస్తకం ఇస్తారు. దారిలో ఊరూరా ముద్ర వేయించుకోవాలి. మన హాజరుపట్టీలాంటిదే. ఫాలన్‌కు ముందు ఇసుక కొండ ఒకటుంది. గాలికి ఇసుక జారితే ఆ కొండ గుంయ్యిమని మోగుతుంది. కంటితో పని లేని వింత అది. దారి మ్యాపు మీద వాడు మొదట గీత గీసింది దాని కిందే. అక్కడినుంచి కార్సన్ సిటీ, టాహో సరస్సు, 7,382 అడుగుల ఎకో శిఖరం, చివరికి శాక్రమెంటో. అక్కడికి మా ఆవిడా, వాడి భార్యా విమానంలో వచ్చి కలుస్తారు. రెండే సీట్ల బండి కదా.

ఇక బండి. పాత కారును సిద్ధం చేయడమంటే మెరుగు పెట్టడం కాదు. మొదట టైర్లు. టైరు పక్క గోడ మీద చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. మీ ఇళ్లలో కార్లకూ ఇదే లెక్క, ఇంటికి వెళ్లి చూసుకోండి. తర్వాత పెట్రోలు గొట్టాలు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, పాత రబ్బరు దానికి చీకుతుంది. గొట్టాలన్నీ మార్చాం. ముందు చక్రాల కింగ్‌పిన్‌లకు మూడువేల మైళ్లకోసారి గ్రీజు పెట్టాలి. మా దారి కూడా మూడువేలే. ఒక గ్రీజుతో ఒక ఖండం.

స్పేర్ల జాబితా వాడే చెప్పాడు, నేను రాసుకున్నాను. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు, కండెన్సరు, రోటారు, మూత, ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు రెండూ, పెట్రోలు పంపు, ఫ్యూజులు, ఆక్సిలరేటర్ కేబులు, రెండు లీటర్ల ఆయిలు, నీళ్లు, మంటలార్పే సిలిండరు. డబ్బాలో కొత్తవి సర్దుతున్నానని చెబితే వీడియోలోనే ఆపాడు. "స్పేరంటే డబ్బాలో ఉన్న కొత్తది కాదురా. బండికి పెట్టి, వంద మైళ్లు నడిపి, పనిచేసిందని తెలిశాక విప్పి దాచిందే స్పేరు. కొత్తది మంచిదో కాదో ఎడారిలో తెలుసుకుంటావా?" అన్నాడు. నలభై ఏళ్ల నా ఇంజనీరింగు కాగితాల్లో ఇంత సూటిగా రాసిన వాక్యం నేను చదవలేదు. ఇప్పుడు ఒక్కో స్పేరూ పెట్టి, నడిపి, విప్పి, తారీఖు రాసి సర్దుతున్నాను. డిక్కీ చిన్నది. స్పేర్లు పోగా మిగిలే చోటులో మనిషికొక మెత్తటి సంచి పడుతుంది. సీటు వెనక చిన్న ఐస్‌డబ్బా, చుక్కల మందు వేడికి పాడవకుండా. దానికి మాత్రం స్పేరు సీసా కొత్తదే ఉంటుంది, మూత తీయనిది.

ఇంట్లో ఈ ప్రణాళిక అంత సులువుగా ఆమోదం పొందలేదు. మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఎయిర్‌బ్యాగులు లేవు, చూపు తగ్గిన మనిషిని ఎక్కించుకుంటున్నారు. పెద్ద కారు అద్దెకు తీసుకుని అదే దారిన వెళ్లచ్చుగా?" మంచి ప్రశ్న. దానికి జవాబుగా నేను ధైర్యం చెప్పలేదు, షరతులు రాసిచ్చాను. కనుమ మీద మంచు పడుతుందని వార్త ఉంటే ఎక్కము. వాడి చూపులో ఏ మార్పు వచ్చినా, కంట్లో నొప్పి వచ్చినా, ఆ క్షణాన ప్రయాణం ముగిసి ఆసుపత్రి మొదలవుతుంది. ప్యూబ్లో, గ్రాండ్ జంక్షన్ అని రెండు ఊళ్లు గుర్తుపెట్టుకున్నాం. రెండిటిలో విమానాశ్రయం ఉంది, అద్దె కార్లున్నాయి. అక్కడ ఆగి, బండీ మేమూ ముందుకు పోగలమా అని తేల్చుకోవాలి. పోలేమనుకుంటే బండిని లారీ మీదికెక్కించి మిగతా దారి అద్దె కారులో వెళతాం. ఎక్కడ మానుకోవాలో ముందే రాసుకుంటే, ఆ రోజు పంతానికి పోయే పని ఉండదు. ఇది చదివాక మా అమ్మాయి, "సరే, రోజూ రెండింటికి ఫోన్ చేయండి" అంది.

అదే ప్రశ్న వాడినీ అడిగాను. పెద్ద కారులో హాయిగా కూర్చోవచ్చు కదా అని. "అద్దాల కారులో అయితే నాకు ఎదురుగా ఉన్న ముక్కే కనిపిస్తుంది. ఇందులో తల ఎటు తిప్పినా అడ్డం లేదు. పైగా దీని ఇంజను నాకు వినపడుతుంది. రేపు కళ్లు మూసుకున్నా ఏ కొండ ఎక్కుతున్నామో చెప్పగలను" అన్నాడు. వాడి భార్య మాత్రం నాతో ఒక్క మాటే అంది: "అన్నయ్యగారూ, కొండలు మీ ఇష్టం. రాత్రి తొమ్మిదింటి చుక్కలు మాత్రం తప్పనివ్వకండి." ప్రణాళిక కాగితంలో మొదటి వరుస అదే.

ఇదంతా చెప్పింది మీరూ స్పోర్ట్స్ కార్లు కొనమని కాదు. ఈ ఏడాది లెక్కలు వేస్తూ నేను గమనించింది ఒకటి మీతో పంచుకుందామని. ప్రయాణం ఎంత దూరమో, ఎంత వేగమో తేల్చేది బండిలో బలమైన భాగం కాదు. రేడియేటర్ మూత, మసక హెడ్‌లైటు, స్నేహితుడి ఎడమకన్ను, ఇవి తేలుస్తాయి. వాటిని కాగితం అడుగున రాసుకున్నప్పుడు ప్రయాణం అసాధ్యంగా కనిపించింది. పైకి తెచ్చి మొదటి వరుసలో రాసుకున్నాక ఇరవై నాలుగు రోజుల్లో అమిరింది. యాభై ఏళ్ల సంఘం కూడా ఇలాగే నడిచిందని పెద్దలు చెబుతుంటారు. ఫీజు కట్టలేని పిల్లవాడిని చూసుకుని చందా లెక్క వేసేవారట, చందా చూసుకుని పిల్లవాడిని కాదు.

చివరిగా వాడు నాతో చెప్పించమన్న మాట. రేపు పొద్దున మన బడి వరండాలో కంటి పరీక్షల శిబిరం ఉంది. అక్షరాల బోర్డు చదివేసి, చూపు బాగుందనుకుని వచ్చేయకండి. నీటికాసుల్లో బోర్డు చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. నలభై దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాళ్లు కంటి ఒత్తిడి కొలవమని, నరం చూడమని అడిగి చేయించుకోండి. వాడి అన్నదమ్ములిద్దరూ వాడి తర్వాత చేయించుకున్నారు. ఒకరికి మొదట్లోనే దొరికింది. చుక్కలు వేసుకుంటున్నాడు, పక్కచూపు ఇంకా ఉంది. వరుసలో ముందు నిలబడేది నేనే, టోకెను కూడా తీసుకున్నాను. మాస్టారూ, రెండో టోకెను మీ పేరు మీద ఉంది.

నెవాడాలో ముద్రలు వేయించిన ఆ పుస్తకం వచ్చే సంక్రాంతికి మన బడి గ్రంథాలయానికి ఇస్తాం. ఏ ఊరి ముద్రయినా లేకపోతే, అక్కడ మానుకున్నామని అర్థం చేసుకోండి, అదీ మా ప్రణాళికలో భాగమే.